వారంలో ఏడు రోజుల విశ్వాసం: డోర్నకల్ బిషప్ అజరయ్య జీవితం

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్ ఉంది. కొత్తగూడెం వైపు వెళ్లే లైను అక్కడే విడిపోతుంది. చదువుల కోసమో ఉద్యోగాల కోసమో మనలో చాలామంది ఆ స్టేషన్ దాటి వెళ్లే ఉంటారు. రైల్వే పటంలో ఉన్నట్టే ప్రపంచ క్రైస్తవ చరిత్రలోనూ ఆ చిన్న ఊరికి ఒక స్థానం ఉంది. అందుకు కారణం ఒక తమిళుడు. ముప్పై నాలుగేళ్ల వయసులో సొంత ఊరు, సొంత భాష విడిచి డోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ముప్పై అయిదేళ్లు ఆ ప్రాంతపు పల్లెల్లో తిరిగి, చివరికి అక్కడే కన్నుమూశారు. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్.

పాఠశాల స్వర్ణోత్సవ సంచికలో ఒక బిషప్ జీవితం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అజరయ్య గారు చేసిన పనికి వెన్నెముకగా నిలిచింది పల్లెటూరి బడిపంతుళ్లు. గుడిలో ఎంత భక్తిగా పాడారన్నది ఆయన దృష్టిలో విశ్వాసానికి కొలమానం కాదు. ఇంటి ముంగిలి, వంటకుండ, అప్పు పత్రం, పండగ రాత్రి, పక్క పేట మనిషితో పలకరింపు, వీటిలో ఏం మారిందన్నదే ఆయనకు ముఖ్యం. ఏ మతం వారైనా, ఏ తరం వారైనా ఈ కొలమానం గురించి ఒకసారి ఆలోచించదగినదే.

బాల్యం, చదువు

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి సంఘ కాపరి. ఆయన మిషన్ బడిలో చదువుకుంటూ క్రైస్తవుడైన వ్యక్తి. తల్లి పేరు ఎలెన్. చాలాకాలం ఎదురుచూశాక పుట్టిన కొడుకు కనుక శామ్యూల్ అని పేరు పెట్టారు. బైబిల్లో హన్నా అనే తల్లి ఎన్నో ఏళ్లు ప్రార్థించి కన్న బిడ్డ పేరు అది. ఆ ఇంట్లో లేఖనం అంటే అల్మారాలో దాచుకునే గ్రంథం కాదు. పిల్లవాడిని పిలిచిన ప్రతిసారీ గుర్తుకొచ్చే కథ.

1889లో తండ్రి మరణించారు. అప్పటికి అజరయ్య గారికి పదిహేనేళ్లు. తల్లి క్రమశిక్షణలోనే పెరిగి, తిరునల్వేలి చదువు ముగించుకుని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదవడానికి చేరారు. పరీక్షల ముందు జబ్బు పడటంతో డిగ్రీ చేతికి రాలేదు. పట్టా లేకుండా కాలేజీ విడిచిన ఈ విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్ష తప్పిందని కుంగిపోయే పిల్లలకు మన ఉపాధ్యాయులు చెప్పదగిన విషయమిది.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి, పద్నాలుగేళ్ల పాటు దక్షిణ భారతమంతా తిరిగి విద్యార్థుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లి చేసుకున్నారు. దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెళ్లి కట్నం లేకుండా, ఆడంబరం లేకుండా జరిగింది. కట్నం గురించి వేదికల మీద మాట్లాడటం తేలికే. సొంత పెళ్లిలో వద్దనుకోవడం వేరు.

చెప్పడం ఆపి బయలుదేరడం

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో సువార్త పని నడపడం చూశారు. తిరునల్వేలిలో తరాల తరబడి క్రైస్తవులున్నా, ఒక్కరినైనా తమ ఖర్చుతో బయటికి పంపింది లేదన్న ఆలోచన ఆయన్ని నిలవనివ్వలేదు. మరుసటి ఏడాది, 1903లో, మిత్రులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. 1905 క్రిస్మస్ రోజున సిరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని స్థాపనలో కె.టి. పాల్ వంటి వారితో పాటు అజరయ్య గారూ ఉన్నారు. రెండింటికీ సూత్రం ఒక్కటే. మనుషులు భారతీయులు కావాలి, డబ్బు భారతీయులది కావాలి, పెత్తనమూ భారతీయులదే కావాలి. స్వదేశీ ఉద్యమం వేడెక్కుతున్న రోజులవి.

తిరునల్వేలి సంఘాలు తమ పని కోసం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. అక్కడికి వెళ్లండని అజరయ్య గారు యువకులను పిలుస్తూ వచ్చారు. ఇతరులను వెళ్లమంటూ తాను పట్నంలో ఉండిపోవడం ఆయనకు పొసగలేదు. మంచి జీతం, దేశవిదేశాల్లో పరిచయాలు, పేరు అన్నీ ఉన్న ఉద్యోగాన్ని వదులుకున్నారు. 1909లో గురుత్వానికి అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. తొలి రోజుల్లో గుడారమే ఇల్లు. ఎడ్లబండి, కాలినడక, వీలైన చోట రైలు, ఇవే ప్రయాణ సాధనాలు. తమిళంలో, ఇంగ్లిషులో అనర్గళంగా మాట్లాడగల మనిషి, పల్లె జనం ముందు తెలుగు అక్షరాలు దిద్దుకునే విద్యార్థిగా కూర్చున్నారు.

రెండు వేదికలు

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధుల్లో అత్యధికులు పాశ్చాత్యులు. విదేశీ మిషనరీలకూ స్వదేశీ సేవకులకూ ఉండవలసిన సంబంధం గురించి మాట్లాడమని అజరయ్య గారిని అడిగారు. ఆయన మొహమాటపడలేదు. మిషనరీలు ఈ దేశానికి ధనం తెచ్చారని, ప్రాణాలు కూడా ధారపోశారని ఒప్పుకున్నారు. కానీ భారతీయుణ్ణి సమానుడిగా ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టే స్నేహం మాత్రం అరుదుగానే దొరికిందని చెప్పారు. తమకు కావలసింది దాతలు కాదని, స్నేహితులని తేల్చారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు తలదించుకున్నారు. వందేళ్లు దాటినా ఆ మహాసభ పేరు చెప్పగానే చరిత్రకారులకు ముందుగా గుర్తొచ్చే ప్రసంగాల్లో అదొకటి.

రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. అప్పటికి వయసు ముప్పై ఎనిమిది. ఆయన పక్షాన గట్టిగా నిలిచిన వ్యక్తి మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. వ్యతిరేకించిన వారూ తక్కువేమీ కాదు. ఇంగ్లిషు గురువులు ఒక భారతీయుడి కింద పనిచేస్తారా అన్న అనుమానం ఒక వైపు, ఆయన పుట్టిన కులాన్ని చూసి మనసులో లెక్కలు వేసుకున్న స్వదేశీయులు మరో వైపు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. డోర్నకల్ తిరిగి వచ్చి పనిలో పడ్డారు.

దీపం వెలుగులో పాఠం

ఆ పని జరిగిన చోటు ఎక్కువగా మాలపల్లెలు, మాదిగవాడలు. అక్కడి జనం పగలంతా దొరల పొలాల్లో, చాలాచోట్ల వెట్టిచాకిరీలో ఉండేవారు. ఆదివారమైనా వారికి సెలవు లేదు. అందుకే ఆరాధన రాత్రికి మారింది. పనినుంచి వచ్చి, గంజి తాగి, జనం చెట్టు కిందో చిన్న పాకలోనో చేరేవారు. బడిపంతులు కిరసనాయిలు దీపం వెలిగించి లేఖనం చదివి వినిపించేవారు. చదువు రాని వారికి ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, యేసు చెప్పిన ఉపమానాలు నోటి మాటగానే వచ్చేవి. పాట తెలుగువారి ఊపిరి కనుక, భజనలు, కీర్తనలు, తాళాలు ఆరాధనలోకి వచ్చాయి. పొద్దున కలుపు తీస్తూ ఆడవాళ్లు పాడుకునే పాటలో రాత్రి విన్న కథ ఉండేది.

అజరయ్య గారు గట్టిగా నమ్మింది ఈ పల్లె పంతులునే. వీలైనంత వరకు భార్యాభర్తలిద్దరినీ తయారు చేసి పల్లెకు పంపేవారు. భర్త పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యం చెప్పాలి. భార్య ఆడవాళ్లతో మాట్లాడాలి. వీరిలో చాలామందికి పెద్ద చదువులు లేవు. జీతం కూడా చాలా తక్కువ. కానీ ఆ పల్లెలో చదవడం వచ్చిన ఒక మనిషి కాపురం ఉండటమే పెద్ద మార్పు. వేలిముద్ర వేసే ముందు కాగితంలో ఏముందో అడిగి తెలుసుకునే చోటు దొరికింది. 1930ల మధ్య నాటికి ఆయన అధ్యక్ష మండలంలో దాదాపు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. ఆ రెండు వేల మందిలో చరిత్ర పుస్తకాలకు ఎక్కినవారు దాదాపు లేరు. కానీ నేడు ఆ జిల్లాల్లో డాక్టర్లుగా, కలెక్టర్లుగా, ఉపాధ్యాయులుగా ఉన్న ఎన్నో కుటుంబాల్లో మొదటి అక్షరం దిద్దించింది వారి చేతులే.

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు బిషప్ గారు ఒక ఆచారం పాటించేవారు. బాప్తిస్మం పొందిన వారు తమ చేతిని తమ తల మీదే పెట్టుకుని, ఈ మంచి కబురు ఇతరులకు చెప్పకుండా దాచుకుంటే తప్పు తమదేనని ఒప్పుకోవాలి. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన ఉత్తరంలోని భావం అది. నిన్నటిదాకా ఊరి చివర ఉండి ఎవరికీ మాట చెప్పే అర్హత లేదనిపించుకున్న మనిషికి, నీ దగ్గర పది మందికి చెప్పవలసిన మాట ఉందని గుర్తు చేయడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. బాప్తిస్మంతో చాలామందికి కొత్త పేర్లూ వచ్చాయి. పౌలు, యోహాను, మరియమ్మ, మార్త, రూతు. పరిశుద్ధుల పేరు పెట్టుకోవడమంటే గొప్ప కోసం కాదు. ఆ పేరు గల మనిషి ఎలా బతికాడో తెలుసుకుని తానూ అలా బతకడానికి పూనుకోవడం. చేపలు పట్టే పేతురు అపొస్తలుడు కాగలిగితే, గొడ్లు కాసే మనిషి పంతులు ఎందుకు కాలేడన్న ప్రశ్నకు ఆ పల్లెలే జవాబు చెప్పాయి.

నాలుగు దయ్యాలు, పిడికెడు బియ్యం

పల్లెలను పీడించే దయ్యాలు నాలుగని అజరయ్య గారు చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. పూనకాలకు, చేతబడులకు భయపడే జనానికి ఆ పోలిక వెంటనే అందేది. బాప్తిస్మానికి సిద్ధపడే వారికి వేదపాఠంతో పాటు ఈ నాలుగింటితో పోరాటం కూడా పాఠమే. ఇంటి చుట్టూ శుభ్రం చేయాలి. చచ్చిన గొడ్డు మాంసం మానాలి. పెళ్లికి అప్పు చేయకూడదు. తాగి వచ్చి భార్యను కొట్టే మనిషిని సంఘ పంచాయతీ పిలిచి అడగాలి. వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయం, చేతిపనులు నేర్పే బడులు ఈ పోరాటానికి తోడు నిలిచాయి.

మరో అలవాటు పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఇల్లాలు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. వారం చివర ఆ కుండ సంఘానికి వెళ్తుంది. పూట గడవని ఇంట్లోంచి పిడికెడు అడగడం న్యాయమేనా అని కొందరు అడిగేవారు. బీదవాడు ఎప్పుడూ చేయి చాచేవాడిగానే మిగిలిపోకూడదని బిషప్ గారి పట్టుదల. ఇచ్చే చేయి ఉన్నవాడికి తల ఎత్తుకునే హక్కు ఉంటుందని ఆయన నమ్మారు. కోతల పండగలో ధాన్యం, కూరగాయలు, కోళ్లు కానుకలుగా వచ్చి చేరేవి. ఈ విషయం మీద ఆయన ఇంగ్లిషులో రాసిన చిన్న పుస్తకం తరువాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఎడిన్‌బరోలో పాశ్చాత్యులకు దాతలుగా ఉండటం చాలదని చెప్పిన మనిషే, డోర్నకల్‌లో బీదలకు పుచ్చుకోవడం చాలదని చెప్పారు. రెండు చోట్లా ఆయన కోరింది సమానత్వమే.

ఈ మార్పుల ఫలం ఆయన అనుకోని వైపు నుంచి కూడా వచ్చింది. తమ పొలాల్లో పనిచేసే వారి ఇళ్లు శుభ్రపడటం, తాగుడు తగ్గడం, పిల్లలు చదవడం ఊళ్లోని ఇతర కులాల రైతులు చూశారు. 1920ల చివర, 1930లలో ఆ కులాల వారు కూడా వేలాదిగా సంఘంలో చేరారు. వారిని కదిలించింది పట్నం నుంచి వచ్చిన ప్రసంగీకుడి మాట కాదు, పక్క పేట మనిషి బతుకు. ఆయన మరణించే నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఈ పనిలో సగం భాగం అన్బు మరియమ్మాళ్ గారిది. ఆమె పల్లె పల్లెకూ వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చునేవారు. పిల్లల పెంపకం, శుభ్రత, చదువు, ప్రార్థన అన్నీ కలిపి మాట్లాడేవారు. పంతుళ్ల భార్యలను తీర్చిదిద్దడంలో ఆమె పాత్ర పెద్దది. బిషప్ గారు నెలల తరబడి పర్యటనల్లో ఉన్నప్పుడు ఇల్లు, పిల్లలు, అతిథులు అందరి భారం ఆమె మీదే.

తెగని ముడులు

ఆయన జీవితంలో అన్నీ విజయాలే అని రాస్తే అది సత్యం కాదు. సంఘంలో చేరిన మాలలకూ మాదిగలకూ మధ్య దూరం బాప్తిస్మంతో పోలేదు. కొన్ని చోట్ల కలిసి కూర్చోవడానికి, కలిసి ఒకే పాత్రలోంచి ప్రభువు బల్లలో పాలు పొందడానికి ఇష్టపడలేదు. ఆయన దీన్ని పాపమనే పేరుతోనే పిలిచారు. బోధించారు, మందలించారు. అయినా ఆ ముడి పూర్తిగా విప్పలేకపోయారు. ఈనాటికీ మన సంఘాల్లో, మన బడుల్లో, మన పెళ్లి సంబంధాల్లో అది ఉందని మనకు తెలుసు.

మరో చిక్కు రాజకీయాలది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన గట్టిగా వాదించారు. దేశ ప్రజలతో కలిసి ఉండవలసిన వారిని అవి విడదీస్తాయని ఆయన అభిప్రాయం. ఈ విషయంలో జాతీయవాదులకు ఆయన దగ్గరివారే. కానీ మత మార్పిడుల విషయంలో గాంధీజీతో తీవ్రమైన భేదం వచ్చింది. మిషనరీలు సేవ చేసి ఊరుకోవాలని గాంధీజీ భావించారు. తమకు ఏది మంచిదో ఆలోచించి ఎంచుకునే తెలివి, హక్కు అంటరానివారికీ ఉన్నాయని అజరయ్య గారు పట్టుబట్టారు. ఇద్దరూ దేశాన్ని ప్రేమించిన వారే. ఈ ప్రశ్న మీద ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

ఎపిఫనీ మందిరం

డోర్నకల్ కెథడ్రల్ నిర్మాణం డబ్బు చాలక ఏళ్ల తరబడి ఆగుతూ సాగుతూ వచ్చింది. చివరికి 1939 జనవరి 6న, ఎపిఫనీ పండగ నాడు, ప్రతిష్ఠ జరిగింది. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసు దగ్గరికి తమ కానుకలతో వచ్చిన సంఘటనను స్మరించే రోజు అది. ఆ మందిరాన్ని చూసినవారికి ఆ పండగను ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. గుమ్మటాలు, మినార్లు దక్కను ముస్లిం కట్టడాలను తలపిస్తాయి. స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి. శిల్పంలో కమలం, శిలువ కలిసే ఉన్నాయి. ఈ నేల మీది సౌందర్యమంతా తన ప్రభువుకు కానుకేనని ఆయన రాళ్లతో చెప్పించారు.

ఆయన మరో కల సంఘాల ఐక్యత. చదువు రాని పల్లె మనిషికి ఇంగ్లండు, అమెరికాల్లో పుట్టిన విభేదాలు నేర్పవలసి రావడం ఆయన్ని బాధించింది. 1919లో తరంగంబాడిలో కొందరు భారతీయ సేవకులు కూడి మొదలుపెట్టిన ఐక్యతా ప్రయత్నంలో ఆయన ముందున్నారు. ఆ చర్చలు పాతికేళ్లకు పైగా నడిచాయి. ఫలితం చూడటానికి ఆయన మిగలలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో అవతరించింది.

మనకు మిగిలింది

అజరయ్య గారికి డిగ్రీ లేదు. భాష తనది కాదు. ఊరు తనది కాదు. చివరి కల కళ్లారా చూడలేదు. అయినా ఆయన వెనక్కి తిరిగి లెక్క వేసుకుని ఉంటే, ఆ లెక్కలో ముందు వచ్చేది మందిరం కాదు, బిరుదులు కావు. రాత్రి దీపం వెలిగించి ఎదురుచూసిన ఆ రెండు వేల మంది పంతుళ్లు.

యాభై ఏళ్ల పాఠశాల కూడా అలాంటి పంతుళ్ల మీదే నిలిచింది. మనలో ఎవరు ఏ దేవుణ్ణి కొలిచినా, నేర్చుకున్న మంచి మన ఇంటి వంటగదిలో, డబ్బు లెక్కల్లో, కింద పనిచేసే వారితో మన మాటతీరులో కనిపిస్తోందా అన్నదే మన గురువులు వేసే చివరి ప్రశ్న. ఈ స్వర్ణోత్సవ వేళ మనం ఇచ్చే విరాళాలు మంచివే. వాటితో పాటు, ఈ బడిలో నేడు మొదటి బెంచీలోనో చివరి బెంచీలోనో కూర్చున్న ఒక పేద పిల్లవాడికి దాతగా కాక స్నేహితుడిగా ఒక పూర్వ విద్యార్థి దొరికితే, అది అజరయ్య గారు కోరిన కానుకే అవుతుంది.